పదే పదే ఆగిపోయే ఇంటి డెస్క్‌టాప్: తరచుగా అడిగే ప్రశ్నలు

విండోస్ 10, విండోస్ 11 నడిచే ఇంటి డెస్క్‌టాప్‌ల గురించి, ముఖ్యంగా విడిభాగాలు కొని దుకాణంలో బిగించుకున్న అసెంబుల్డ్ మెషీన్ల గురించి రాసిన ప్రశ్నోత్తరాలివి. ఏడాదికోసారి ఆగిపోయి, మళ్లీ మామూలుగా నడిచే కంప్యూటర్‌కు వీటితో పనిలేదు. వారానికి రెండు మూడు సార్లు చెప్పాపెట్టకుండా పడిపోతున్న కంప్యూటర్ మీ ఇంట్లో ఉంటే చదవండి.

దుకాణంలో అడిగితే "ముందు ఫార్మాట్ చేసి చూద్దాం" అంటున్నారు. సరేననమంటారా?

అనకండి. ఫార్మాట్ చేయడం వాళ్లకు పెద్ద శ్రమలేని పని. ఫైళ్లు, సెట్టింగులు, ఒక పూట సమయం పోయేది మీకు. లోపం ర్యామ్‌లోనో ఎస్‌ఎంపీఎస్‌లోనో (గోడ కరెంటును కంప్యూటర్ భాగాలకు తగ్గట్టు మార్చి ఇచ్చే డబ్బా) ఉంటే కొత్తగా ఎక్కించిన విండోస్ కూడా అలాగే పడిపోతుంది. చెడిన ర్యామ్ ఉండగా ఎక్కించిన విండోస్‌లో మొదటి రోజు నుంచే ఫైళ్లు దెబ్బతిని ఉండే ప్రమాదం కూడా ఉంది. పైగా, పడిపోయిన ప్రతిసారీ విండోస్ రాసిపెట్టుకున్న ఆధారాలన్నీ ఫార్మాట్‌తో తుడిచిపెట్టుకుపోతాయి. కరెంటు, వేడి, ర్యామ్, డిస్కు బాగున్నాయని తేలి, డ్రైవర్లు (హార్డ్‌వేర్‌ను విండోస్‌తో కలిపే ప్రోగ్రామ్‌లు) మార్చినా ఫలితం లేనప్పుడు ఫార్మాట్ సంగతి ఆలోచించండి.

ఈలోగా ఫొటోలు, సర్టిఫికెట్లు, లెక్కల ఫైళ్లు బయటి డ్రైవులోకి కాపీ చేసుకోండి. విండోస్ 11 కంప్యూటర్లలో డిస్కు ఎన్‌క్రిప్షన్ మీకు తెలియకుండానే ఆన్ అయి ఉండవచ్చు. అలా ఉంటే బిట్‌లాకర్ రికవరీ కీ, అంటే 48 అంకెల సంఖ్య, మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో కనిపిస్తుంది. దాన్ని కాగితం మీద రాసుకున్నాకే బయోస్ (విండోస్ కన్నా ముందు మొదలయ్యే మదర్‌బోర్డు సెట్టింగులు) జోలికి వెళ్లండి. బయోస్‌లో చిన్న మార్పు జరిగినా కంప్యూటర్ ఆ కీ అడగవచ్చు. అప్పుడు వెతుక్కోవడం చాలా కష్టం.

లోపం ఎక్కడుందో వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలి?

పడిపోయే తీరును గమనించడంతో. తెర మీద ఏ సందేశమూ లేకుండా, స్విచ్ ఆపినట్టు టక్కున ఆరిపోయిందంటే ముందుగా కరెంటును, వేడిని అనుమానించాలి. నీలం తెర, దాని మీద ఒక కోడ్ వచ్చాయంటే విండోస్‌కు తప్పును గుర్తించేంత వ్యవధి దొరికింది. అక్కడ ర్యామ్, డ్రైవర్, డిస్కు అనుమానితులు. మౌస్ బాణం కదలకుండా బొమ్మ బిగుసుకుపోయి, పాటలో ఒకే ముక్క గిరగిరా తిరుగుతుంటే గ్రాఫిక్స్ కార్డు, డిస్కు, ర్యామ్ మూడింటినీ చూడాలి. ఒక్క బ్రౌజరో ఒక్క గేమో మూసుకుపోయి మిగతావన్నీ నడుస్తుంటే ఆ ఒక్క ప్రోగ్రామ్ సంగతి వేరే చూసుకోవాలి. ఈ పేజీ దాని గురించి కాదు.

తేదీ, సమయం, అప్పుడు ఏం నడుస్తోంది, ఇంట్లో మోటారు వేశారా, కరెంటు పోయి వచ్చిందా అన్నవి ఒక కాగితం మీద రాయండి. నాలుగైదు సార్లు రాసేసరికి ఏదో ఒక పోలిక బయటపడుతుంది. జ్వరం ఎప్పుడెప్పుడు వస్తోందో చెప్పకుండా డాక్టరును మందు అడిగితే ఎలా ఉంటుందో, ఈ వివరాలు లేకుండా కంప్యూటర్ బాగుచేయమనడం అలాగే ఉంటుంది. ఇంకొక నియమం: ఒకసారికి ఒకే మార్పు. ర్యామ్ మార్చి, డ్రైవర్ మార్చి, యూపీఎస్ కూడా ఒకే రోజు మార్చేస్తే, బాగైనా ఎందుకు బాగైందో తెలియదు.

నీలం తెర చదివేలోపే కంప్యూటర్ రీస్టార్ట్ అవుతోంది. ఎలా?

ఆ రీస్టార్ట్‌ను ఆపవచ్చు. కంట్రోల్ ప్యానెల్‌లో సిస్టమ్, అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్, అక్కడ స్టార్టప్ అండ్ రికవరీ కింద సెట్టింగ్స్ తెరిచి, ఆటోమేటికల్లీ రీస్టార్ట్ అన్నచోట టిక్కు తీసేయండి. ఆ తర్వాత మీరు పవర్ బటన్ నొక్కేదాకా తెర కదలదు. ఫోనుతో ఫొటో తీసుకోండి. తెర మీద క్యూఆర్ కోడ్ ఉంటే అది సాధారణ సహాయ పేజీకి తీసుకువెళ్తుంది, అంతే. మనకు కావలసింది స్టాప్ కోడ్ అన్నచోట ఉన్న పేరు, దాని దగ్గర ఏదైనా ఫైలు పేరు ఉంటే అది. 2025లో విండోస్ 11 ఈ తెరను నలుపు రంగులోకి మార్చింది. నల్లటి తెర మీద కోడ్ కనిపిస్తే కొత్త జబ్బేమీ కాదు.

ఈవెంట్ వ్యూయర్‌లో (విండోస్ జరిగినవన్నీ రాసిపెట్టుకునే చిట్టా) కెర్నల్ పవర్ 41 అని ఎర్రగా ఉంది. ఎస్‌ఎంపీఎస్ పోయినట్టేనా?

పేరులో పవర్ ఉండటం వల్ల చాలామంది అలాగే అనుకుని కొత్త ఎస్‌ఎంపీఎస్ కొనేస్తారు. కిందటిసారి కంప్యూటర్ పద్ధతి ప్రకారం షట్‌డౌన్ కాలేదని చెప్పడం తప్ప ఆ 41కి వేరే అర్థం లేదు. మీరు ప్లగ్గు పీకినా అదే వస్తుంది. దాన్ని తెరిచి, డిటైల్స్ భాగంలో బగ్‌చెక్‌కోడ్ ఎదురుగా ఏముందో చూడండి. అక్కడ 0 ఉంటే విండోస్‌కు నీలం తెర చూపించే వ్యవధి కూడా దొరకలేదు. అంటే కరెంటు, వేడి, లేదా పూర్తిగా బిగుసుకుపోవడం. వేరే సంఖ్య ఉంటే అది స్టాప్ కోడే, దశాంశ సంఖ్యగా రాసి ఉంటుంది. 26 అంటే మెమరీ మేనేజ్‌మెంట్, 278 అంటే వీడియో టీడీఆర్ (గ్రాఫిక్స్ డ్రైవర్ జవాబివ్వకపోవడం), 292 అంటే ప్రాసెసర్ స్వయంగా ఫిర్యాదు చేసిన హార్డ్‌వేర్ లోపం.

ఈవెంట్ వ్యూయర్ కన్నా తేలికగా అర్థమయ్యేది రిలయబిలిటీ మానిటర్. స్టార్ట్ మెనూలో రిలయబిలిటీ అని వెతికితే వస్తుంది. రోజువారీ గీతలో ఎర్ర గుర్తులు ఏ రోజున మొదలయ్యాయో, ఆ రోజునే ఏ అప్‌డేట్ ఎక్కిందో పక్కపక్కనే కనిపిస్తాయి.

ఒక హెచ్చరిక. ఆరోగ్యంగా ఉన్న కంప్యూటర్‌లో కూడా ఈవెంట్ వ్యూయర్ నిండా ఎర్ర, పసుపు గుర్తులుంటాయి. "మైక్రోసాఫ్ట్ నుంచి మాట్లాడుతున్నాం" అని ఫోను చేసే మోసగాళ్లు వాటినే చూపించి భయపెడతారు. మైక్రోసాఫ్ట్ తన ఎర్రర్ తెరల మీద ఫోను నంబరు వేయదు. అలా ఎవరికైనా డబ్బు కట్టేసి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోను చేయండి.

స్టాప్ కోడ్‌ను బట్టి లోపం కచ్చితంగా తెలుస్తుందా?

దారి తెలుస్తుంది, ఇల్లు తెలియదు. మెమరీ మేనేజ్‌మెంట్, పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా అన్నవి ఎక్కువగా ర్యామ్ వైపు, కొన్నిసార్లు డ్రైవర్ వైపు చూపిస్తాయి. ఐఆర్‌క్యూఎల్ అన్న మాట ఉంటే ముందు డ్రైవర్‌ను అనుమానించండి. కెర్నల్ డేటా ఇన్‌పేజ్ ఎర్రర్ వస్తే డిస్కు, దాని కేబుల్ చూడండి. అసలు గమనించాల్సింది వేరే ఉంది: ప్రతిసారీ ఒకే కోడ్, ఒకే ఫైలు పేరు వస్తుంటే డ్రైవర్ తప్పు అయ్యే అవకాశం ఎక్కువ. ఒకరోజు ఒకటి, మర్నాడు ఇంకొకటి, పొంతన లేకుండా వస్తుంటే ర్యామ్ లేదా కరెంటు.

కరెంటు వల్ల కంప్యూటర్ పడిపోతోందని ఎలా తెలుసుకోవాలి? యూపీఎస్ ఉంది కదా?

యూపీఎస్ ఉంది సరే, దాని బ్యాటరీ ఎప్పటిది? ఇళ్లలో వాడే చిన్న యూపీఎస్‌లో ఉండేది సాధారణంగా 12 వోల్టుల, 7 ఆంపియర్ అవర్ల బ్యాటరీ. మన వేడికి రెండు మూడేళ్లలో దాని పని అయిపోతుంది. పరీక్ష సులువు. కంప్యూటర్‌ను బయోస్ తెర దగ్గర నిలపండి. అక్కడ ఆగిపోయినా విండోస్ ఫైళ్లకు నష్టం లేదు. ఇప్పుడు గోడ దగ్గర యూపీఎస్ స్విచ్ ఆపండి. కంప్యూటర్ కూడా వెంటనే ఆగిపోతే మీ యూపీఎస్ బరువైన ప్లగ్ బోర్డు మాత్రమే.

బ్యాటరీ బాగున్నా మరో రెండు తిరకాసులున్నాయి. 600 వీఏ యూపీఎస్ అంటే 600 వాట్లు ఇస్తుందని కాదు, సాధారణంగా 360 వాట్ల దగ్గర దాని శక్తి అయిపోతుంది. గ్రాఫిక్స్ కార్డు ఉన్న మెషీన్ గేమ్ ఆడేటప్పుడు అంతకు మించి లాగితే, కరెంటు పోయిన క్షణంలో యూపీఎస్ చేతులెత్తేస్తుంది. రెండోది, చవక యూపీఎస్‌లు బ్యాటరీ మీద ఇచ్చే కరెంటు నునుపైన తరంగం కాదు, మెట్లు మెట్లుగా ఉంటుంది. యాక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటును తరంగానికి తగ్గట్టు లాగే సర్క్యూట్) ఉన్న మంచి ఎస్‌ఎంపీఎస్‌లలో కొన్నిటికి అది సరిపడదు. అలాంటి జత కుదిరితే ప్యూర్ సైన్‌వేవ్ యూపీఎస్ తీసుకోవాలి.

యూపీఎస్ లేకుండా ఇంటి ఇన్వర్టర్ మీదే నడుపుతున్నారా? ఇన్వర్టర్ వెనకో పక్కనో యూపీఎస్ మోడ్, నార్మల్ మోడ్ అని ఒక స్విచ్ ఉంటుంది. చాలా ఇళ్లలో అది నార్మల్‌లోనే ఉండిపోతుంది. కరెంటు తెగినా ఎస్‌ఎంపీఎస్ తన కెపాసిటర్లలోని నిల్వతో ఓర్చుకోగలిగేది సుమారు 16 మిల్లీసెకన్లు. నార్మల్ మోడ్‌లో మార్పుకు అంతకన్నా ఎక్కువ సమయం పడుతుంది, ఫ్యాన్లకు తేడా తెలియదు, కంప్యూటర్‌కు తెలుస్తుంది.

ఇక ఎర్తింగ్. క్యాబినెట్ ముట్టుకుంటే సన్నగా జివ్వుమంటోందా? ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ వల్ల కొద్దిపాటి కరెంటు ఇనుప పెట్టెకు చేరుతుంది. ఎర్త్ తీగ ఉంటే అది భూమిలోకి పోవాలి, లేకపోతే మీ వేళ్లలోంచి పోతుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ చూపించమనండి. రెండు మూడు వోల్టుల లోపు ఉంటే మంచిదే. పదులలో ఉంటే వైరింగ్ పని ఉంది. మూడో పిన్ను విరిచేసిన ప్లగ్గు, ఎర్త్ లేని ఎక్స్‌టెన్షన్ బాక్స్ ఈ జాబితాలో నేను అస్సలు క్షమించనివి.

ఎస్‌ఎంపీఎస్ మీద 450 వాట్లు అని స్టిక్కర్ ఉంది. సరిపోదా?

క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చిన ఎస్‌ఎంపీఎస్ అయితే ఆ స్టిక్కర్‌ను నమ్మకండి. 12 వోల్టుల లైను మీద ఎన్ని ఆంపియర్లు రాసి ఉందో చూడండి. ప్రాసెసర్‌కూ గ్రాఫిక్స్ కార్డుకూ అన్నం పెట్టేది ఆ లైనే. ప్రమాణం ప్రకారం అది 11.4 నుంచి 12.6 వోల్టుల మధ్య ఉండాలి. బయోస్‌లో కనిపించే రీడింగు సూచన మాత్రమే, తీర్పు కాదు. నమ్మదగిన పరీక్ష ఒక్కటే: తెలిసినవారి మంచి ఎస్‌ఎంపీఎస్ రెండు రోజులు అరువు తెచ్చి పెట్టి చూడటం. పేపర్ క్లిప్పుతో తీగలు కలిపితే ఫ్యాన్ తిరిగిందంటారు. భారం లేనప్పుడు ఫ్యాన్ తిరగడం దేనికీ రుజువు కాదు. ఎస్‌ఎంపీఎస్ డబ్బా మూత మాత్రం ఇంట్లో విప్పకండి. ప్లగ్గు తీశాక కూడా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన వోల్టేజీ నిలిచి ఉంటుంది.

ఎండాకాలంలోనే ఆగిపోతోంది. ఏసీ పెట్టించాలా?

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రామగుండంలోనో విజయవాడలోనో మే నెల మధ్యాహ్నం మేడమీది గది 40 డిగ్రీలు దాటినప్పుడు కంప్యూటర్ లోపల పరిస్థితి ఊహించుకోండి. అయినా ఏసీ కన్నా ముందు చూడవలసినవి ఉన్నాయి. క్యాబినెట్‌ను కంప్యూటర్ టేబుల్ అరలో దూర్చి తలుపు వేస్తున్నారా? దుమ్ము పడకుండా గుడ్డ తొడుగు వేసి, దాన్ని తీయకుండానే ఆన్ చేస్తున్నారా? బయటకు లాగి, గోడకు జానెడు దూరంలో పెట్టండి. ఒక్కోసారి మరమ్మతు అక్కడితో ముగుస్తుంది.

తర్వాత హెచ్‌డబ్ల్యూఇన్ఫో లాంటి ఉచిత ప్రోగ్రామ్‌తో ఉష్ణోగ్రత చూడండి. ఖాళీగా ఉన్నప్పుడు ప్రాసెసర్ 35 నుంచి 55 మధ్య ఉంటే బాగున్నట్టే. పని భారంలో 85 దాకా కంగారు వద్దు. ఏఎండీ కంపెనీ రైజెన్ 7000 శ్రేణిలోని కొన్ని ప్రాసెసర్లు 95 డిగ్రీల దాకా వెళ్లేలాగే తయారయ్యాయి. ఇంటెల్ చాలావాటికి 100 హద్దు. ఈ కాలపు ప్రాసెసర్ వేడెక్కితే ముందు వేగం తగ్గించుకుంటుంది, అప్పటికీ కాకపోతేనే ఆరిపోతుంది. కాబట్టి ఆన్ చేసిన రెండు నిమిషాలకే 90 దాటి ఆరిపోతోందంటే దాదాపు ఎప్పుడూ కూలర్ సరిగా ఆనడం లేదనే అర్థం. ఇంటెల్ ప్రాసెసర్‌తో వచ్చే కూలర్‌కు నాలుగు మూలలా నాలుగు ప్లాస్టిక్ పిన్నులుంటాయి. వాటిలో ఒకటి లేచి ఉండటం అతి సాధారణ దృశ్యం. ఊడదీసి పెట్టేటప్పుడు పాత థర్మల్ పేస్ట్ పూర్తిగా తుడిచి, కొత్తది బఠాణీ గింజంత పెడితే చాలు.

దుమ్ము దులపడానికి బ్లోయర్ వాడండి, ఇంటి బయట, ప్లగ్గు తీసేసి. ఫ్యాన్ రెక్కలు గిరగిరా తిరగకుండా వేలితో పట్టుకోండి. తడిగుడ్డతో లోపల తుడవాలన్న శుభ్రత పిచ్చి మాత్రం వద్దు.

ర్యామ్ పరీక్షించడం ఎలా?

ముందు ప్లగ్గు తీసి, ర్యామ్ కార్డులు విప్పి, బంగారు పూత ఉన్న అంచును మెత్తటి రబ్బరుతో తేలికగా రుద్ది, గుడ్డతో తుడిచి మళ్లీ క్లిక్కుమనేలా బిగించండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఈ ఒక్క పనితోనే కొన్ని మెషీన్లు దారికొస్తాయి.

అప్పటికీ పడిపోతుంటే మెమ్‌టెస్ట్86 అనే ర్యామ్ పరీక్ష ప్రోగ్రామ్‌ను పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, దానితో కంప్యూటర్‌ను బూట్ చేసి రాత్రంతా వదిలేయండి. నాలుగు విడతలూ పూర్తి కావాలి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఫెయిలే. "ఒకటే కదా" అని సర్దుకోవడానికి వీల్లేదు. విండోస్‌తో వచ్చే మెమరీ డయాగ్నొస్టిక్ మొదటి వడపోతకు పనికొస్తుంది కానీ, అది బాగుందన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండలేం.

ఎర్రర్లు వచ్చాయని కార్డు పారేయకండి. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను మామూలు కన్నా ఎక్కువ వేగంతో నడిపే ప్రొఫైల్) ఆన్ అయి ఉంటే ఆపి మళ్లీ పరీక్షించండి. డబ్బా మీద రాసిన 3200, 3600 వేగం చాలా సందర్భాల్లో ఆ ప్రొఫైల్ ద్వారా ఓవర్‌క్లాక్ చేస్తేనే వస్తుంది, అన్ని మదర్‌బోర్డులూ దాన్ని మోయలేవు. అప్పటికీ ఎర్రర్లుంటే ఒక్కో కార్డును విడిగా, ఒకే స్లాట్‌లో పెట్టి చూడండి. తర్వాత బాగున్న కార్డును ఒక్కో స్లాట్‌లో పెట్టి చూడండి. తప్పు కార్డుదా స్లాటుదా అన్నది అలా తేలుతుంది. వేర్వేరు కంపెనీల కార్డులు కలిపి వాడటం నేరమేమీ కాదు, కానీ రెండోది కొన్న వారంలోనే పడిపోవడం మొదలైతే ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు.

గేమ్ ఆడేటప్పుడు మాత్రమే పడిపోతోంది.

వేడి, ఎస్‌ఎంపీఎస్ చూశాక గ్రాఫిక్స్ కార్డుకు రండి. దానికి రెండు పవర్ సాకెట్లుంటే ఒకే తీగకున్న రెండు కొసలతో సరిపెట్టకుండా ఎస్‌ఎంపీఎస్ నుంచి రెండు విడి తీగలు వేయండి. సేఫ్ మోడ్‌లో (విండోస్ అతి తక్కువ డ్రైవర్లతో నడిచే స్థితి) డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ నడిపి, పాత డ్రైవర్‌ను తుడిచి, కార్డులోని చిప్ తయారుచేసిన కంపెనీ సైటు నుంచి కొత్తది ఎక్కించండి. సెకండ్‌హ్యాండ్ కార్డు అయితే క్రిప్టో మైనింగ్‌లో అలిసిపోయి వచ్చిందేమోనన్న అనుమానం ఉంచుకోండి.

మరి ఖాళీగా ఉన్నప్పుడే పడిపోతే?

రైజెన్ ప్రాసెసర్ అయితే బయోస్‌లో పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్ అన్న సెట్టింగ్‌ను టిపికల్ కరెంట్ ఐడిల్‌కు మార్చి చూడండి. పని లేనప్పుడు ప్రాసెసర్ మరీ తక్కువ కరెంటు లాగితే కొన్ని పాత ఎస్‌ఎంపీఎస్‌లు తడబడతాయి.

ఇంటెల్ 13, 14 తరం ప్రాసెసర్లలో లోపం ఉందని విన్నాను. నిజమేనా?

నిజమే. 65 వాట్లు, ఆపై డెస్క్‌టాప్ రకాలలో, ముఖ్యంగా ఐ7, ఐ9లలో, ప్రాసెసర్ అవసరానికి మించిన వోల్టేజీ అడిగి తనను తానే క్రమంగా పాడుచేసుకునే లోపం బయటపడింది. గేమ్‌లు తెరిచేటప్పుడు, గ్రాఫిక్స్ కార్డులో బోలెడు మెమరీ ఉన్నా, వీడియో మెమరీ చాలడం లేదన్న వింత సందేశం దీని గుర్తుల్లో ఒకటి. 2024 ఆగస్టు, సెప్టెంబరులలో ఇంటెల్ మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపల నడిచే ఆదేశాలు) సవరణలు విడుదల చేసింది. అవి మదర్‌బోర్డు బయోస్ అప్‌డేట్ ద్వారా అందుతాయి. అప్‌డేట్ మున్ముందు నష్టాన్ని ఆపుతుంది, జరిగిపోయిన నష్టాన్ని తిరిగి తేలేదు. అప్పటికే పాడైన వాటి కోసం వారంటీని రెండేళ్లు పొడిగించారు. మీ దగ్గర ఆ తరం ప్రాసెసర్ ఉండి, ర్యామ్ పరీక్ష పాసై కూడా పడిపోతుంటే బిల్లు వెతికి పెట్టుకోండి.

డిస్కు వల్ల కూడా ఇలా జరుగుతుందా?

జరుగుతుంది. డిస్కు ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ప్రోగ్రామ్ తెరిచి చూడండి. రీఅలొకేటెడ్ సెక్టార్లు, కరెంట్ పెండింగ్ సెక్టార్లు అన్న వరుసల్లో సంఖ్య పెరుగుతూ ఉంటే ఆ డిస్కును నమ్మకండి, డేటా తీసుకుని మార్చేయండి. సీఆర్‌సీ ఎర్రర్లు మాత్రమే పెరుగుతుంటే తప్పు చాలావరకు డిస్కును మదర్‌బోర్డుకు కలిపే సాటా కేబుల్‌దే. డిస్కుకు బదులు ముందు కేబుల్ మార్చండి.

హార్డ్‌వేర్ అంతా బాగుంది. ఇప్పుడు విండోస్ సంగతేమిటి?

రిలయబిలిటీ మానిటర్‌లో మొదటి ఎర్ర గుర్తుకు ముందు ఏది ఎక్కిందో దాన్ని తీసేయండి. రెండు యాంటీవైరస్‌లుంటే ఒకటి తీసేయండి. డ్రైవర్లన్నీ ఒక్క క్లిక్కుతో కొత్తవి చేస్తామనే ప్రోగ్రామ్‌లు, క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్‌ను యాక్టివేట్ చేసే పనిముట్లు ఉంటే అవీ పోవాలి. కెర్నల్ (విండోస్ మూల భాగం) లోపల నడిచే ప్రోగ్రామ్ ఒక్కటి తప్పు చేసినా మొత్తం వ్యవస్థ కూలుతుంది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా సాఫ్ట్‌వేర్‌కు వచ్చిన ఒక్క తప్పుడు అప్‌డేట్ సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లను నీలం తెరకు చేర్చింది, విమానాశ్రయాల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. వాటిలో హార్డ్‌వేర్ లోపం లేదు.

ఆ తర్వాత అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ముందు డిజం రిస్టోర్‌హెల్త్, తర్వాత ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ నడపండి. మొదటిది మరమ్మతు సామగ్రిని సరిచేస్తుంది, రెండోది ఆ సామగ్రితో పాడైన ఫైళ్లు మారుస్తుంది. డ్రైవర్ వెరిఫయర్ వాడమని ఎవరైనా చెబితే, సేఫ్ మోడ్‌లోకి వెళ్లి దాన్ని ఆపడం తెలిస్తేనే ఆ పని చేయండి. డ్రైవర్‌లో తప్పు పట్టుకుంటే అది కావాలనే కంప్యూటర్‌ను పడేస్తుంది.

మరో చిన్న మాట: విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్ అయి ఉంటే షట్‌డౌన్ చేసినా కెర్నల్ పూర్తిగా కొత్తగా మొదలవదు. నిజంగా తాజాగా మొదలుపెట్టాలంటే రీస్టార్ట్ నొక్కాలి.

అన్నీ చూశాను, ఏమీ తేలలేదు. ఇంకేమైనా మిగిలిందా?

రెండు విచిత్రమైనవి మిగిలాయి. క్యాబినెట్ ముందున్న రీసెట్ బటన్ లోపల ఇరుక్కుపోయి తనంతట తానే నొక్కుకుంటూ ఉండవచ్చు. మదర్‌బోర్డు దగ్గర దాని సన్నటి తీగ పీకేసి నాలుగు రోజులు వాడి చూడండి. రెండోది, పక్కమూత తీసి టార్చి వేసి చూడండి. చీమలు, బొద్దింకలు, ఎండిపోయిన బల్లి, ఊడి పడిన స్క్రూ, పైభాగం ఉబ్బిన కెపాసిటర్, వీటిలో ఏది కనిపించినా ఆశ్చర్యపోకండి. ఉబ్బిన కెపాసిటర్ ఉంటే మదర్‌బోర్డు రోజులు లెక్కపెట్టుకుంటున్నట్టే. గడియారం రోజూ వెనక్కి పోతుంటే మాత్రం అది బోర్డు మీది గుండ్రటి సీఆర్2032 సెల్ సంగతి, తేలికగా మార్చుకోవచ్చు.

రిపేరుకు ఇచ్చేటప్పుడు ఏం జాగ్రత్త పడాలి?

మీరు రాసుకున్న కాగితం, తెర ఫొటోలు, మెమ్‌టెస్ట్ ఫలితం చూపించండి. సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లాంటి పెద్ద మార్కెట్‌కు వెళ్లినా, వీధి చివరి దుకాణానికి వెళ్లినా, వివరాలు తెచ్చినవాడి మెషీన్‌కు దక్కే శ్రద్ధ వేరు. "మదర్‌బోర్డు పోయింది" అంటే ఏ పరీక్షతో తేలిందో అడగండి. మార్చిన పాత భాగం తిరిగి తీసుకోండి. వారంటీ ఉన్న ర్యామ్, ఎస్‌ఎంపీఎస్ అయితే ముందు ఆ కంపెనీ సర్వీసు సెంటర్‌లో అడగండి. పెట్టె అప్పగించే ముందు ప్రతి భాగం సీరియల్ నంబరు ఫొటో తీసి, రసీదు మీద రాయించుకోండి. డిస్కులో సొంత ఫైళ్లుంటే దాన్ని విప్పి ఇంట్లోనే ఉంచుకోండి, పరీక్షకు వాళ్ల దగ్గరున్న డిస్కు సరిపోతుంది.